మా మామ్మ తిట్టని తిట్టు

మా మామ్మ తిట్టడంలో దిట్ట. పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ అందుకుందంటే గేదెని, కాకిని, పక్కింటి కోడిపెట్టని, మమ్మల్ని వరసపెట్టి దీవించేది. "నీ నోట్లో మన్నడిపోను", "నీ కాలిరిగిపోను", "నీ జిమ్మడిపోను". ఏ తిట్టులోనూ విషం ఉండేది కాదు. తిట్టిన నోటితోనే కేకేసి, చోడంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చేతికిచ్చేది. అలాంటి మనిషి నోట ఒక్క తిట్టు మాత్రం నేనెప్పుడూ వినలేదు. మా వీధిలో ప్రతి ఆడమనిషీ రోజుకి పదిసార్లు వాడే తిట్టది: "నిన్ను మరిడెత్తుకెళ్ళ!"

మాది వంశధార వైపు. నరసన్నపేటలో బస్సు దిగి, కలకత్తా రోడ్డు వదిలి, గట్టుల మీద నడిచి వెళ్ళాల్సిన ఊరు. వేసవిలో ఏటి ఇసకలో చెలమలు తీసుకుని చిప్పతో నీళ్ళు తోడుకునేవాళ్ళం. ఆ నీళ్ళ తీపి ఇప్పటికీ నాలిక మీద ఉంది. వానలు పడి ఏరు ఎర్రబారితే చెలమలు మునిగిపోయేవి, ఇక ఊరి నుయ్యే గతి. రోగాలన్నీ ఆ రోజుల్లోనే వచ్చేవని చిన్నప్పుడే తెలుసు, ఎందుకో మాత్రం తెలీదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అప్ప, అంటే మా అక్క, నా జీడిపిక్కలన్నీ నూతిలో పోసేసింది. మొత్తం వేసవంతా ఆడి గెలుచుకున్న పిక్కలు. కడుపు మండి, వీధిలో నేర్చుకున్న మాట అప్ప మీదికి విసిరేశాను. "నిన్ను మరిడెత్తుకెళ్ళ!" మామ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చేట తిరగేసి కొడుతుందని పారిపోబోయాను. కొట్టలేదు. చేట కింద పెట్టి, లోపలికెళ్ళి, చెంబులో పసుపు నీళ్ళు కలిపి తెచ్చింది. వేపమండతో గడప మీద చల్లింది, అప్ప నెత్తిన చల్లింది, చివరికి నా నోటి మీద కూడా చల్లింది. "ఓరి నాయినా, ఆ మాటనకురా. ఇంకేటన్నా తిట్టుకో. నన్ను తిట్టు. ఆ మాటొద్దు" అంది. అది మామ్మ గొంతులా లేదు. ఆ సాయంత్రం దాకా ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. ఇంటికొచ్చిన మా నాన్న, "ఏటి, అమ్మకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు.

నాకు అప్పుడు అర్థమైంది ఇంతే. మరిడి అమ్మవారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. పలికితే వచ్చేస్తుంది. ఈ అర్థంతోనే ఇరవయ్యేళ్ళు గడిపేశాను.

మరిడి అంటే కలరా. వాంతీ, భేదీ. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి మర్నాడు మధ్యాహ్నానికి కట్టె. మా వైపు ఆ రోగానికీ, దాన్ని తెచ్చే తల్లికీ, తిరిగి తీసుకుపోయే తల్లికీ ఒకటే పేరు. మా పొలిమేరలో వేపచెట్టు కింద పసుపు పూసిన మూడు రాళ్ళే మరిడమ్మ. పెద్దాపురంలో ఆవిడకి పెద్ద గుడీ, ఆషాఢంలో జాతరా ఉన్నాయి గానీ మా ఆవిడ పేదరాలు, ఎండకి ఎండి వానకి తడిసేది.

మా గుంపులో మరిడయ్య అని ఒకడుండేవాడు. మా జిల్లాల్లో పేర్లు వింటేనే ఏ దేవుడి చుట్టాలో తెలిసిపోతుంది. విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజులు, సింహాచలం అప్పన్న పేరున అప్పలనాయుళ్ళు, అసిరితల్లి పేరున అసిరయ్యలు. మరిడయ్య పేరులో మాత్రం భక్తి కంటే బేరం ఎక్కువ. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డకి ఆవిడ పేరే పెట్టేస్తారు. నీ పేరే పెట్టుకున్నాం, ఇక నీ బిడ్డే, నీ బిడ్డని నువ్వే పట్టుకుపోతావేటి తల్లీ అని. పుట్టిన పిల్లాణ్ణి పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలుచుకోవడం లాంటి లౌక్యమే ఇదీ. ఈ మరిడయ్యని మామ్మ ఎప్పుడూ పేరుతో పిలిచేది కాదు. "ఒరే నల్లోడా" అనేది. వాడు మా అందరిలోకీ ఎర్రటివాడు.

మా నాన్నకో చెల్లెలు ఉండేదని, చిన్నప్పుడే పోయిందని కూడా అప్పటికే తెలుసు. మామ్మ ఆ పిల్లని తలుచుకోవాల్సి వస్తే "మా గుంట" అనేది. ఆ కాలంలో ఏ ఇంట్లో అడిగినా అలా పోయిన పిల్లలు ఇద్దరో ముగ్గురో తేలేవారు. పేరేమిటని అడగాలని ఎవరికీ తోచదు.

అమ్మవారి పండగ మా వైపు తొలేళ్ళతో మొదలై అనుపుతో అవుతుంది. అనుపు అంటే సాగనంపడం. డప్పుల మోతలో, వేపమండల మధ్య ఘటాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పి, పొలిమేర దాటించి, అక్కడ దింపి వచ్చేయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఆవిడ మన వెంట వచ్చేస్తుంది. నేనోసారి చూశాను. చీకట్లో కుండ, కుండ ముందు ప్రమిద, ప్రమిదలో వణుకుతున్న మంట. అంతే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కన పడుకున్న నాన్నని లేపి అడిగాను, "మన పొలిమేర అవతల ఇంకో ఊరుంది కదా, ఇప్పుడావిడ అక్కడికెళ్తుందా?" అని. "ఆళ్ళూ సాగనంపుతారు" అన్నాడు. "ఎక్కడికి?" "అవతలికి." ఈ జవాబు లోతు నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది.

హైస్కూల్లో ఉండగా ఒకసారి కలరా సూదులు వేయడానికి వచ్చారు. స్పిరిట్ దీపం మీద గిన్నె, గిన్నెలో మరిగే నీళ్ళు, నీళ్ళలో సూదులు. లైనంతటికీ ఉన్నవి రెండే. చెయ్యి గుమ్మడికాయలా వాచి, రాత్రికి జ్వరం. మర్నాడు తరగతిలో సగం బెంచీలు ఖాళీ. మిగిలిన మాకు తెలుగు మాస్టారు పాఠం మానేసి సూది గురించే చెప్పారు. సంస్కృతంలో ఈ రోగం పేరు విసూచిక. తెలుగులోకి వచ్చి విషూచి అయింది. సూచి అంటే సూది. ఒళ్ళంతా సూదులతో పొడుస్తున్నట్టు బాధిస్తుంది కనుక ఆ పేరని సుశ్రుతుడు చెప్పాడట. ఆ సూచే మన సూది. "సూది జబ్బుకి సూది మందు వేయించుకున్నారురా, వ్యాకరణం సరిపోయింది" అని ఆయనే నవ్వుకున్నారు. ఆయన చెయ్యీ వాచే ఉంది.

ఆ రోజే కర్కటి కథ కూడా చెప్పారు. యోగవాసిష్ఠంలోది. హిమాలయాల్లో కొండంత రాక్షసి. ఎంత తిన్నా ఆకలి తీరదు. జంబూద్వీపంలో జనాన్నంతా తినేయాలని తపస్సు చేసి, నన్ను సూదిని చెయ్యమని బ్రహ్మని అడిగింది. సూదయితే ఎవరి ఒంట్లోకైనా దూరిపోవచ్చు కదా. అలా విషూచిక అయింది. తీరా సూదయ్యాక చూసుకుంటే తినడానికి నోరేది, పట్టడానికి పొట్టేది! మళ్ళీ ఏడుస్తూ తపస్సుకి కూర్చుంది. మేమంతా పడీ పడీ నవ్వాం. మన పూర్వులకి సూక్ష్మజీవుల సంగతి ముందే తెలుసని ఈ కథ చూపించి వాదించేవాళ్ళు తర్వాత చాలామంది తగిలారు. నాకు వాళ్ళతో పడదు. కథ బాగుంది, చాలదా?

ఇంకో మాట కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఉపసర్గలు బట్టీ పట్టిస్తూ, ప్ర, పరా, అప, సమ్ దగ్గర ఆగి, దేవీ మాహాత్మ్యంలోంచి ఒక పాదం చదివారు: "ఉపసర్గానశేషాంస్తు మహామారీసముద్భవాన్." ఇక్కడ ఉపసర్గలంటే వ్యాకరణం కాదు, మీదొచ్చి పడే ఉపద్రవాలు, రోగాలు. ధాతువు మీద పడితే వ్యాకరణం, ఊరి మీద పడితే మరిడి. మారి అంటే చంపేది. మహామారి మన నోళ్ళలో పడి మహమ్మారి అయింది. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకెళ్తే, సమయం వచ్చినప్పుడు ఆ దేవే మహామారి, ఆ దేవే సృష్టి అని ఉంటుంది. మా పొలిమేర రాళ్ళకి పసుపు పూసేవాళ్ళు ఈ శ్లోకం విని ఉండరు. వాళ్ళకి అక్కర్లేదు కూడా.

డిగ్రీ నాకు అబ్బలేదు. 1981లో ఆరోగ్య శాఖలో కార్యకర్తగా చేరాను. కలరా పాఠం మొదలయ్యేసరికి నాకు మరిడీ తెలుసు, విషూచీ తెలుసు, మహమ్మారీ తెలుసు. కలరా అన్న మాటే కొత్త. అప్పటి కుతూహలం కొద్దీ దొరికిందల్లా చదివాను. తమాషా ఏమిటంటే ఈ మాట మొదట ఈ రోగానిది కాదు. గ్రీకులో ఖోలే అంటే పైత్యరసం. పైత్యం ప్రకోపించి పైకీ కిందికీ పోతే వాళ్ళ వైద్యులు ఖోలెరా అన్నారు. చూరు నీళ్ళు దిగే గొట్టానికి ఆ భాషలో ఉన్న పేరే దీనికీ వచ్చిందని ఇంకో వాదన ఉంది. చూసినవాళ్ళెవరూ ఆ వాదనని కొట్టిపారేయలేరు. ఇంగ్లీషులో కోపానికి కోలర్ అన్న పాత మాట ఉంది, అదీ ఈ పైత్యమే. దిగులుకి చెప్పే మెలాంకలీ నల్ల పైత్యం. పిత్తం పెరిగితే కోపమని మన ఆయుర్వేదమూ అంటుంది గనక ఇందులో మనకి కొత్తేమీ లేదు.

రెండొందలేళ్ళ క్రితం దాకా ఇంగ్లండులో ఎండాకాలం కాయా పండూ తిని కడుపు చెడితే దాన్నే కలరా అనేవారు. చాలామందికి నాలుగు రోజుల్లో తగ్గిపోయేది. 1817లో బెంగాల్లో జెస్సోర్ దగ్గర చెలరేగిన మరిడి 1824 దాకా ఆసియా ఖండంలో సగం తిరిగింది. తర్వాతి విడతలో, 1831లో, ఇంగ్లండు గడప తొక్కింది. అప్పుడు వాళ్ళు ఆ పాత చిన్న పేరునే ఈ పెద్ద చావుకి తగిలించి, ముందు ఆసియా అని చేర్చారు, ఏషియాటిక్ కలరా. మా వాళ్ళు రోగానికి దేవత పేరు పెట్టుకుంటే వాళ్ళు పైత్యం పేరు పెట్టుకున్నారు. నిజానికి ఈ రోగంలో పైత్యం జాడే ఉండదు, పోయేదంతా బియ్యం కడిగిన నీళ్ళ రంగు. పేరు తప్పని తెలిశాక కూడా పేరు మారలేదు.

పడమటి తీరంలో ఇంకో పేరుండేది. గోవాలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఒర్తా 1563లోనే ఈ రోగం గురించి రాశాడు. అక్కడి వాళ్ళు దాన్ని మోడ్శి అనేవారు. పోర్చుగీసు నోట్లో అది మోర్దెషిం అయింది. అది ఫ్రెంచి వాళ్ళ చెవిన పడేసరికి మోర్ ద షియాఁ, అంటే కుక్కచావు. ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఎక్కడో మొదలైన మాట మన తెలుగు తిట్టు దగ్గరికే చేరింది.

మా ఊరి ముసలాళ్ళు మరిడి జగన్నాథం దారమ్మట వస్తుందనేవారు. అది మూఢనమ్మకం అనుకునేవాణ్ణి. పూరీ యాత్రికులు నడిచి వెళ్ళే దారి మా కలకత్తా రోడ్డే. రథయాత్ర ఆషాఢంలో, సరిగ్గా వానలు దిగే రోజుల్లో. వేలమంది సత్రాల్లో ఒకే నుయ్యి, ఒకే చెరువు నీళ్ళు తాగి, తిరుగుదారిలో దాన్ని ఊరూరా వదిలిపెట్టేవారు. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో దేశదేశాల వాళ్ళు కూర్చుని కలరా మీద చర్చించినప్పుడు మన తీర్థయాత్రలనే వేలెత్తి చూపించారు. మా ముసలాళ్ళు చెప్పిందీ అదే, కాకపోతే అమ్మవారిని నడిపించుకొచ్చి చెప్పారు. ఇప్పటి కలరా క్రిమి రకానికి ఎల్ టోర్ అని పేరు రావడంలోనూ యాత్రే ఉంది. ఎల్ టోర్ సినాయిలో ఒక రేవు. హజ్ నుంచి తిరిగొచ్చే వాళ్ళని ఆపి చూసే చోటు. 1905లో ఆ క్రిమిని అక్కడే పట్టుకున్నారు. అది 1961లో ఇండొనేషియాలో లేచి 1964 నాటికి మన దేశంలో దిగింది. నా చెయ్యి వాచింది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే.

ఇంత తెలుసుకున్నవాణ్ణి కదా, మొదటిసారి కలరాని చూసినప్పుడు గుర్తుపట్టాను. విజయనగరం జిల్లాలో ఒక గెడ్డ, అంటే వాగు పక్క ఊరు, వానలు పడ్డ వారం. మొదటి ఇంట్లోనే ఇద్దరు. కళ్ళు గుంటల్లోకి పోయాయి, వేళ్ళు ముడతలు పడి నీళ్ళలో నానినట్టున్నాయి, గొంతు పీలగా పోయింది. చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడి ఉంది. రిజిస్టరు తెరిచి కలరా అని రాశాను. సాయంత్రం వచ్చిన పై అధికారి ఆ పేజీ చూసి పెన్ను అడిగాడు.

"క్రిమిని నువ్వు చూశావా?"

"లేదు సార్."

"మరి? జి.ఇ. అని రాయి."

జి.ఇ. అంటే గ్యాస్ట్రో ఎంటరైటిస్, జీర్ణకోశం వాపు. ఏ వాంతికైనా ఏ విరేచనానికైనా సరిపోయే గోనెసంచి లాంటి మాట. ఆయన చెప్పిందాంట్లో నియమం ప్రకారం తప్పు లేదు, పరీక్ష ఫలితం రాకుండా కలరా అనకూడదు. ఫలితం వచ్చేసరికి ఊళ్ళో రోగం సర్దుకుంటుంది, కాగితం దస్త్రంలో పడుకుంటుంది. అసలు సంగతి వేరే. అంతర్జాతీయ నిబంధనల్లో అప్పట్లో తప్పనిసరిగా చాటాల్సిన రోగాలు మూడే, కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్. ఆ మూడక్షరాలు రాస్తే జిల్లా కదులుతుంది, హైదరాబాదు కదులుతుంది, ఢిల్లీ నుంచి జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వెళ్తుంది. జి.ఇ. అని రాస్తే ఎవరూ రారు. ఆయన ఆ మాట దాచలేదు కూడా. "పేరు రాసేవా, వచ్చేస్తారు" అన్నాడు.

మామ్మ పసుపు నీళ్ళు గుర్తొచ్చాయి. పేరు పలికితే వచ్చేస్తుంది. ఇక్కడా అదే భయం, వచ్చేవాళ్ళే వేరు.

నేను జి.ఇ. అనే రాశాను. ఆ ఊరికే కాదు, ఆ తర్వాత చాలా ఊళ్ళకి రాశాను. ఆ తర్వాత జి.ఇ. పాతబడి ఎ.డి.డి. వచ్చింది, అక్యూట్ డయేరియల్ డిసీజ్. అదీ రాశాను. గెడ్డకి అవతలి ఒడ్డు ఊళ్ళో కేసులున్నాయని చెబితే "అది మన సెంటర్ పరిధి కాదు, వాళ్ళు చూసుకుంటారు" అనేవారు. అనుపు! కుండ అవతల దింపి వెనక్కి చూడకుండా వచ్చేయడమే.

నేను తలెత్తుకుని చెప్పుకోగలిగిన పని ఒకటుంది, నూతులు శుభ్రం చేయడం. తాడుకి రాయి కట్టి లోతు కొలవాలి, అడ్డం కొలవాలి, లెక్క కట్టి 1,000 లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పొడి తూచాలి. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా పది నిమిషాలు ఆగాలి. పైతేట ఇంకో బకెట్లోకి ఒంపి, ఆ బకెట్‌ని నూతిలో అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడించాలి. గంటసేపు ఎవర్నీ తోడనివ్వకూడదు. ఆ గంటే కష్టం. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు వాసన చూసి, "మందు నీలు మాకొద్దు బాబూ" అని నా కళ్ళ ముందే గెడ్డకి పోయేవారు. వాళ్ళ వెనక పరుగెత్తి, బతిమాలి, ఆ నీళ్ళు నేను తాగి చూపించేవాణ్ణి. ఇంటికొచ్చాక అన్నం కూడా బ్లీచింగ్ వాసనే.

2020లో టీవీ పెడితే చాలు, మహమ్మారి, మహమ్మారి. గుండెలు బాదుకుంటూ పలకాల్సిన మాటని కిందన నడిచే అక్షరాల్లో రోజంతా ఊరేగించారు. ప్రపంచమంతా పాకే అంటురోగానికి ఒక తెలుగు మాట కావాలి, ఉన్నదాన్ని వాడుకున్నారు, తప్పేం లేదు. భయం పోయిన మాటే పత్రికకి పనికొస్తుందేమో. 2024 అక్టోబరులో మన విజయనగరం జిల్లా గుర్లలో జనం వాంతులు విరేచనాలతో పడిపోయి ప్రాణాలు పోయినప్పుడు మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అతిసారం, డయేరియా అని రాశారు. మరిడి అన్నవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

మరిడయ్య ఇంకా గట్టిగానే ఉన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవడు ఆ మధ్య ఫోన్లో నన్ను పట్టుకుని తాత పేరుకి అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. "ఇన్నాళ్ళూ తాతయ్యని కలరా అని పిలుస్తున్నామా!" అని ఒకటే నవ్వు. పక్కనే ఉన్న మరిడయ్య కూడా నవ్వాడు. వాడు నవ్వొచ్చు. వాడి విషయంలో బేరం కుదిరింది.

మామ్మ సంగతి మిగిలిపోయింది.

అది 1986. ఉప్పు పంచదార నీళ్ళ గురించి ఊరూరా చెప్పమని మాకు ప్యాకెట్లు ఇచ్చిన కాలం. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు మా అరుగు మీదే వీధి ఆడవాళ్ళని కూర్చోబెట్టి కలిపి చూపించాను. లీటరు నీళ్ళకి ఒక ప్యాకెట్టు. అది లేకపోతే ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నాలిక మీద వేసుకుంటే కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు. కలరాలో పేగు ఒట్టి నీళ్ళని పట్టి ఉంచలేదు. కానీ పంచదార తోడుంటే ఉప్పుని లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెనకే నీళ్ళు వెళ్తాయి. ఆ దారిని కలరా కూడా మూయలేదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులు సరిహద్దు దాటి బొంగావ్ శిబిరంలో పడ్డప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఈ నీళ్ళే డ్రమ్ముల్లో కలిపించి, చుట్టాల చేతే రోగులకి తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 3, 4కి దిగాయి. ఇదంతా చెప్పాను. పందొమ్మిదో శతాబ్దంలో దొరల వైద్యులు ఈ రోగానికి రక్తం తీసేవారని, పాదరసం మందులిచ్చేవారని, చాలామంది నీళ్ళు ఇవ్వొద్దనేవారని కూడా చెప్పాను. కాస్త గొప్ప కోసం చెప్పాననుకోండి.

మామ్మ గుమ్మంలో కూర్చుని వింది. అందరూ వెళ్ళాక అడిగింది.

"ఎన్ని నీలు ఇయ్యాల్రా?"

"ఎంత పోతే అంత. తాగినన్ని."

"కక్కీసినా?"

"పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వాలి. చెంచాతో, కొంచెం కొంచెం."

చాలాసేపు మాట్లాడలేదు. కొంగుతో గుమ్మం తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"ఇయ్యనీలేదురా" అంది.

విశాఖపట్నం మీద బాంబులు పడ్డ మరుసటేడు. అంటే 1943. మా గుంటకి అయిదేళ్ళు. చీకటి పడ్డాక మొదలైంది. నీళ్ళిస్తే ఇంకా పోతుందని ఇంట్లో పెద్దలందరూ అన్నారు. ఆ పిల్ల రాత్రంతా నీళ్ళడిగింది. తెల్లవారుఝామున చూడలేక మామ్మ గుడ్డ తడిపి పెదాలకి రాసింది.

"గుడ్డ నా సేతిలోంచి పీకీసుకుందిరా. నోట్లో కుక్కీసుకుని పీల్చీసింది. నాను లాగీసినాను. అంత బలం ఎక్కడిదో, పట్టుకుని వొదల్లేదు. నాను లాగీసినాను."

నాకు ఏం అనాలో తోచలేదు. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"అత్త పేరేటి మామ్మా?"

నా వైపు చూడలేదు. వీధిలోకి చూస్తూ, ఎవరినో భోజనానికి పిలుస్తున్నట్టు, మెల్లిగా అంది.

"మరిడి."

కాసేపాగి, "మీ నాయిన తరవాత ఇద్దరు పోయేక పుట్టింది కదా. అందుకని" అంది.

వెళ్ళేటప్పుడు రెండు ప్యాకెట్లు తన దగ్గర ఉంచమని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. అయిదేళ్ళ తర్వాత ఆవిడ పోయాక, దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక దొరికాయి. విప్పలేదు. లోపల పొడి గడ్డకట్టి రాళ్ళలా ఉంది. రెండింటి మీదా పసుపు వేళ్ళ గుర్తులు.